బాపు వెళ్లిన కంత

మా వెనక గదికి కిటికీ పెట్టుకుంటానని మా బాపు తన అన్నను అడిగిన రోజు నాకు ఇప్పటికీ గుర్తే. ఎండాకాలం. పెద్దబాపు తన వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఖర్బూజ తింటున్నాడు. మాకు ఒక్క ముక్క పెట్టలేదు. అది కూడా గుర్తే.

"అన్నా, వెనక గదిల మస్తు ఉక్కపోస్తున్నది. సందు దిక్కు చిన్న కిటికీ పెట్టుకుంట. మనిషి తలకాయంత జాగ చాలు."

పెద్దబాపు గింజలు చేతిలోకి ఉమ్ముకున్నాడు. "ఇయ్యాల కిటికీ అంటవు. రేపు కిటికీకి అడ్డం గోడ కట్టొద్దంటవు. ఎల్లుండి సందే నాదంటవు. నాకు తెల్వదారా?"

"సందు నీదే అన్నా. నాకు గాలి చాలు."

లోపలి నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "గాలి గావాల్నంటే ట్యాంక్‌బండ్ మీద పండుకోమనుండ్రి!"

ఆమె నవ్వింది. ఆమె కోడళ్లు నవ్వారు. బాపు కూడా చిన్నగా నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు. ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు బోనాలనాడు పిలిచి అన్నం పెట్టినా, విస్తరి ముందు కూర్చోగానే నాకు ట్యాంక్‌బండే గుర్తొచ్చేది.

మా ఇల్లు శాలిబండ నుంచి మూసీ వైపు దిగే గల్లీల్లో ఒకటి. తాత కట్టించాడు. మూసీ వరద చూసిన మనిషి కాబట్టి గోడలు కోట గోడల్లా లేపాడు. కింద గుండ్రాళ్లు, డంగు సున్నం, పైన దూలాలు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు గల్లీ వైపు సగం మాకు, వెనక సగం పెద్దబాపుకు వచ్చాయి. ఆయన ఇంటికి పోవడానికి మా గోడ పక్కనుంచి ఒక సందు ఉంది. అది ఆయన వాటా. మా వెనక గది గోడ ఆ సందును ఆనుకుని ఉంటుంది. ఆ గదికి ముందు గదిలోకి తెరుచుకునే ఒక తలుపు తప్ప ఇంకే దారీ లేదు.

పైగా ఏటేటా ఇల్లు భూమిలోకి దిగిపోతూ వచ్చింది. నిజానికి ఇల్లు దిగలేదు, గల్లీ పైకి లేచింది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే కొత్తది పోసేవారు. నా చిన్నప్పుడు మెట్లెక్కి ఇంట్లోకి పోయేవాళ్లం. నేను ఉద్యోగంలో చేరేనాటికి మెట్లు దిగి పోతున్నాం. ఈ సంగతి మీద మున్సిపాలిటీకి ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. చివరికి ఒక ఆఫీసరు తల ఎత్తకుండానే, "మీ ఇల్లే కుంగుతుందేమో చూసుకోండమ్మా" అన్నాడు. ఆయన రిటైరయ్యాడని విన్నాను. నేనింకా కాలేదు, ఫిర్యాదుల నుంచి.

వెనక గదిలో పగలు కూడా దీపం వేసుకోవాల్సిందే. కింద పరిచిన షాబాదు బండల మధ్య సందులు పడ్డాయి. వానకాలంలో వాటిలోంచి చెమ్మ పైకి వచ్చేది. ముందు తలుపు తెరుద్దామంటే మూసీ దోమలు, మూసీ వాసన. మా బస్తీలో పొద్దు వాలితే అందరూ తలుపులు బిగించుకునేవారు. నది ఒడ్డున ఉన్నామని బయటివాళ్లు చల్లగా ఊహించుకుంటారు. ఆ నది ఊపిరి ఇంట్లోకి రాకుండా చూసుకోవడమే మాకు సంసారంలో సగం పని.

బాపు బస్సు డిపోలో ఫిట్టరు. ఎక్కువ కాలం నైట్ డ్యూటీలే చేశాడు. పొద్దున వచ్చి స్నానం చేసి, చద్దన్నం తిని, ఆ చీకటి గదిలో పడుకునేవాడు. "గీ గది ఉన్నందుకే నా నిద్ర సక్కగున్నది" అనేవాడు. ఊరంతా పగలు చూస్తుంటే ఆయన ఆ గదిలో తలుపేసుకుని నిద్రపోతూ ఎన్నో ఏళ్లు గడిపాడు. రిటైరయ్యాక కూడా అలవాటు పోలేదు. కిటికీ అడిగింది అప్పుడే, దగ్గు మొదలయ్యాక.

తొంభైల చివరి సంగతి ఇది. మొదట మందుల షాపు సీసాలు, తర్వాత కషాయం, తర్వాత పెద్దాసుపత్రి. ఎక్స్‌రే దీపానికి ఎత్తి, ఊపిరితిత్తుల్లో గడ్డ చూసిన డాక్టరు బాపును అడిగాడు.

"బీడీలా, సిగరెట్లా?"

"ఏది లేదు సార్. ఎన్నడు ముట్టలే."

డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. "ఇంట్లో ఆడవాళ్ల ముందు చెప్పరు. మీరైనా నిజం చెప్పండి. రోజుకెన్ని?"

"ఆయన తాగడు."

"అందరూ ఇదే చెప్తారు" అని, ఇంకొక రోగిని పిలిచాడు.

నేను అక్కడే నిలబడ్డాను. ఆయన మళ్లీ నా వైపు చూడలేదు. బాపు బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "పోనీ బిడ్డా, మనకు తెల్సు గదా" అన్నాడు. మనకు తెలిస్తే సరిపోతుందని ఆయన నమ్మాడు. నేను ఇప్పటికీ నమ్మను.

ఇంటికొస్తే పెద్దబాపు కూడా అదే మాట. "డిపోల డ్రైవర్లతోని కూసున్నోడు తాగకుంట ఉంటడా? నాకు చెప్తున్నరు!" చచ్చిపోతున్న తమ్ముడి మంచం పక్కన కూర్చుని, ఆ తమ్ముడు వింటుండగానే అన్నాడు. అప్పుడు ఆయన చొక్కా జేబులో బీడీ కట్ట ఉంది. బాపు కళ్లు మూసుకుని గోడ వైపు తిరిగాడు.

బాపు ఆ గదిలోనే పోయాడు, తెల్లవారుతుండగా. అమ్మ పాదాలు పట్టుకుని కూర్చుంది. అయ్యగారు వచ్చి పంచాంగం చూసి, మళ్లీ చూసి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ధనిష్ఠ. మంచిది గాదు. గది ఆరు నెలలు మూయాలె. శవాన్ని సింహద్వారంకెల్లి తీస్కపోవద్దు. గోడ పగలగొట్టి తియ్యాలె."

"లేకుంటే?" అని పెద్దబాపు అడిగాడు.

"లేకుంటే వంశంల ఇంకొకలను తీస్కపోతదంటరు. పెద్దోళ్ల నుంచే మొదలైతది."

వంశంలో మిగిలిన పెద్దవాడు పెద్దబాపే. ఆయన ముఖంలో నెత్తురు దిగిపోవడం నేను చూశాను. కాసేపటికి సందులోంచి చప్పుడు మొదలైంది. ఇద్దరు మనుషుల్ని పెట్టి, తానే ముందు నిలబడి, గడ్డపారతో మా వెనక గది గోడను పొడిపిస్తున్నాడు. తలకాయంత కిటికీ అడిగితే ఇవ్వని గోడ అది. తాత సున్నం తొందరగా లొంగలేదు. రాయి వెనక రాయి ఊడుతుంటే ఆయన "జల్ది కానియ్యిండ్రి, జల్ది" అని అరుస్తూనే ఉన్నాడు.

లోపలి వరస రాయి కదలగానే వెలుగు లోపలికి వచ్చింది. దుమ్ములోంచి నేరుగా వచ్చి మంచం మీద పడింది. ఆ గదిలో బాపు ముఖం మీద పగటి వెలుగు పడటం నేను చూసింది అదే మొదటిసారి. గాలి కూడా వచ్చింది. కప్పిన తెల్లగుడ్డ అంచు కదిలింది. అమ్మ ఉలిక్కిపడి ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టింది.

ఆ కంతలోంచే బాపును తీసుకుపోయారు. గది తలుపుకు తాళం వేసి, గడపలో ముళ్లకంప పెట్టారు. సందు వైపు కంతకు కూడా ఇంకొక కంప అడ్డం పెట్టారు. ఆరు నెలలయ్యాక శాంతి చేసి, గది తెరిచి, కంత పూడ్చాలని అయ్యగారు చెప్పాడు. నేనూ అమ్మా ముందు గదిలోనే వండుకున్నాం, అక్కడే పడుకున్నాం. పదో రోజుకు వచ్చిన చుట్టాలు వడియాలు నములుతూ, "బీడీలు బాగ తాగెటోడట గదా" అని అమ్మనే అడిగారు. ఎవరెవరు అడిగారో పేర్లతో సహా చెప్పగలను. చెప్పను.

యూనివర్సిటీ అమ్మాయి మా గల్లీలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. కోస్తా వైపు పిల్ల. భుజాన సంచి, సంచి నిండా చిన్న ప్లాస్టిక్ డబ్బాలు. నది పక్క బస్తీల్లో, రాతి ఇళ్లల్లో గాలి కొలుస్తున్నామని ఇంటింటికీ చెబుతోంది. డబ్బాలో ఒక ఫిల్ము ముక్క ఉంటుందట. ఇంటి పైకప్పుకు వేలాడదీసి మూడు నెలలు ముట్టకుండా ఉంచితే, తర్వాత ల్యాబులో చూసి ఆ ఇంటి గాలి సంగతి చెబుతారట.

మా బస్తీ ఊరికే ఒప్పుకుంటుందా? కరెంటు దొంగతనం పట్టడానికి వచ్చారని ఒకరు, కెమెరా అని ఒకరు. మేమంతా ఖాలా అని పిలిచే ఎదురింటి పెద్దావిడ మాత్రం పెట్టించుకుంది గానీ, "దిష్టి తగులుతదేమో బేటీ" అని దాని కింద నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. ఆ అమ్మాయి నవ్వి, "పర్లేదండీ, ఉండనివ్వండి" అంది.

మా గడప దగ్గరికి వచ్చినప్పుడు నేను అడిగాను. "ఏం గాలమ్మా అది?"

"నేలలోంచీ రాళ్లలోంచీ ఒక వాయువు వస్తూ ఉంటుందండీ. రేడాన్ అంటారు. రంగుండదు, వాసనుండదు. ఆరుబయట అయితే గాలిలో కలిసిపోతుంది. గాలాడని గదుల్లో పేరుకుంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకి మంచిది కాదండీ. క్యాన్సర్ కూడా రావచ్చు."

"బీడీ తాగనోళ్లకు గూడనా?"

"తాగని వాళ్లకి కూడానండీ."

"ఇంకొక్కసారి చెప్పు. అమ్మా, ఇటు రా. ఈ మాట విను."

ఆమె మళ్లీ చెప్పింది. అమ్మ విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పొయ్యి దగ్గరికి పోయింది. నేను మాత్రం చాలా నెలల తర్వాత నిటారుగా నిలబడ్డాను. "అయితే మా నాన్న దానివల్లనే పోయిండా?" అని అడిగాను.

"ఒక మనిషి విషయంలో దానివల్లేనని ఎవరూ చెప్పలేరండీ. గదిలో ఎంత ఉందో మాత్రం కొలవగలం."

"కొలువుండ్రి. మా వెనక గదిలనే కొలువుండ్రి."

గది మూసి ఉందని, ఎవరూ అడుగు పెట్టకూడదని చెప్పాను. ఆమెకు ఆ ఆచారం తెలుసు. వాళ్ల వైపు కూడా ఉందట. డబ్బా నా చేతికిచ్చి, నేలకూ గోడకూ తగలకుండా మధ్యలో వేలాడేలా కట్టమంది. రాసుకుంటూ అడిగింది. "గదికి కిటికీలు ఎన్నండీ?"

"లేవు" అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. ఆ గదికి కిటికీ లేదు. కిటికీ అడిగి అడిగే మా బాపు పోయాడు. గోడకు ఉన్నది ఆయన పోయిన తోవ. దాన్ని కిటికీ అని ఏ నోటితో చెప్పాలి?

లోపలికి పోకూడదు కాబట్టి సందులోకి వెళ్లాను. కంతకు అడ్డం పెట్టిన ముళ్లకంప పక్కకు జరిపి, బూజు కర్ర చివర డబ్బా తగిలించి, చెయ్యి లోపలికి చాపి, దూలానికున్న కొక్కానికి అందించాను. నా ఊయల కట్టిన కొక్కెం అది. డబ్బా కాసేపు ఊగి ఆగింది. చేతులకు ముళ్లు గీరుకున్నాయి. కంప మళ్లీ అడ్డం పెట్టి వెనక్కి తిరిగితే పెద్దబాపు నిలబడి ఉన్నాడు.

"ఏందే అది? ఏం జేస్తున్నవ్ నా సందుల?"

"మా గది గాలి కొలిపిస్తున్న."

"గాలి కొలిపిస్తవా?" తన గుమ్మంలోకి వచ్చిన పెద్దమ్మ వైపు తిరిగి, "విన్నవా? కిలోల లెక్కనా, లీటర్ల లెక్కనా అడుగు!" అన్నాడు. ఆ వారంలోనే గల్లీలో నా పేరు గ్యాస్ మేడం అయింది. కూరగాయల బండి అతను కూడా అలాగే పిలిచాడు. అతని దగ్గర టమాటాలు కొనడం మానేశాను. ఇప్పటికీ కొనను. ఇప్పుడు బండి తోలేది అతని అల్లుడు, అయినా సరే.

మూడు నెలలు కాగానే ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. డబ్బాను అదే బూజు కర్రతో దింపి గడప దగ్గర అప్పగించాను. ఫలితం కొన్ని వారాల్లో చెబుతానంది. ఆ వారాలు సాగుతూ పోయాయి. ఆరు నెలలూ నిండాయి.

శాంతి రోజున అయ్యగారు హోమం చేసి గది తలుపు తీయించాడు. లోపల బూజు పట్టలేదు. చెమ్మ వాసన కూడా లేదు. కంతలోంచి వచ్చే గాలికి బండలు పొడిగా ఉన్నాయి. అమ్మ నేరుగా బాపు మంచం దగ్గరికి పోయి, దుమ్ము దులిపి, పరుపు వేసింది.

"ఇయ్యాల్టి నుంచి నేను ఈడనే పండుకుంట. ఆయన మంచం ఖాళీగుంటే ఇల్లంత ఖాళీగున్నట్టున్నది."

సందులో అప్పటికే ఇటుకలు, ఇసుక దించి ఉన్నాయి. మేస్త్రి సిమెంటు కలపడానికి నీళ్లు అడుగుతున్నాడు. నేను పోయి కంతకు అడ్డంగా నిలబడ్డాను.

"పెద్దబాపూ, దీన్ని పూడ్చొద్దు. చట్రం పెట్టిస్త, జాలీ పెట్టిస్త. కిటికీ లెక్కనే ఉండనియ్యి. అమ్మ ఈ గదిల పండుకుంటది. బాపుకైన గతి అమ్మకు గావొద్దు."

"శవం పోయిన కంతను ఉంచుకుంటరా ఎవరన్న? అయ్యగారూ, మీరే చెప్పుండ్రి."

"పూడ్చుడే పద్ధతి. కొన్ని దినాలు ఆగితే మాత్రం తప్పు లేదు" అని అయ్యగారు నా ముఖం చూసి అన్నాడు.

"రిపోర్టు వస్తది. గంతదాక ఆగు" అన్నాను.

పెద్దబాపు సందులో నిలబడి అందరూ వినేటట్టు అన్నాడు. "సరే. రిపోర్టు చెడ్డగొస్తే నీ కిటికీ నువ్వు పెట్టుకో. నా నోటికెల్లి ఇంకొక మాట రాదు. మంచిగొచ్చిందనుకో, నువ్వు గూడ నోరు మూసుకోవాలె. గోడ కట్టుడే."

"ఒప్పుకున్న" అన్నాను. చెడుగా వస్తుందన్న నమ్మకం నాకు అంత గట్టిగా ఉంది. ఒక ఇంటికి చెడ్డ కబురు రావాలని దేవుడికి దండం పెట్టుకున్న మనిషి మా బస్తీలో నేనొక్కదాన్నే అనుకుంటాను.

ఆ అమ్మాయి ఫలితం తీసుకుని వచ్చిన రోజు ఆఫీసుకు సెలవు పెట్టి ఉన్నాను. ముఖం నిండా నవ్వుతో గడప దిగింది.

"భయం లేదండీ. మీ గదిలో చాలా తక్కువుంది. హద్దుకి బాగా లోపలే. ఈ గల్లీలో అన్నిటికంటే మీదే మంచి గది."

నేను అరచేతులతో ముఖం మూసుకున్నాను. సంతోషం అనుకుంది పాపం. "ఒకసారి గది చూడొచ్చాండీ? ఇలాంటి రాతి గదిలో, కిటికీ కూడా లేకుండా, ఇంత తక్కువ రావడం ఆశ్చర్యంగా ఉంది" అంది.

గదిలోకి తీసుకుపోయాను. ఆమె గడపలోనే ఆగింది. ఎదురుగా గోడలో మనిషి పట్టేంత కంత. దానిలోంచి సందు, సందు పైన ఆకాశం ముక్క, మంచం మీదకు వస్తున్న గాలి.

"ఇది అప్పుడు కూడా ఉందాండీ? డబ్బా పెట్టినప్పుడు?"

"ఉన్నది."

"కిటికీ లేదన్నారు కదండీ."

"ఇది కిటికీ కాదు. మా నాన్నను తీస్కపోయిన తోవ."

ఆమె కంత దగ్గరికి పోయి గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. గాలి ఇటు వచ్చి అటు పోతుంటే ఆ వాయువు గదిలో నిలవదు. డబ్బా చూపించింది కంత ఉన్న గదిని. నాన్నగారు బతికిన గది వేరు. కంత పూడిస్తే గది మళ్లీ పాత గదే అవుతుంది.

"గదే రాసియ్యి" అన్నాను. "కంత పూడిస్తే చెడ్డ గాలి పేరుకుంటదని రాసియ్యి. మా పెద్దబాపుకు చూపిస్త."

"పెరుగుతుందని నోటితో చెప్పగలనండీ. ఎంతో కొలవలేదు కదా. కొలవనిది రాయలేనండీ."

"అయితే కంతకు గుడ్డ కప్పి మళ్ల కొలువు."

"ఈ బస్తీలో పని అయిపోయిందండీ. డబ్బాలన్నీ వేరే జిల్లాకి పంపేశారు. సారీ అండీ."

పోయే ముందు అమ్మకు నమస్కారం పెట్టింది. కిటికీ పెట్టించుకోండి అని రెండుసార్లు చెప్పింది. పెద్దబాపు ఇంటికి కూడా వెళ్లి చెప్పింది. ఆయన కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, అంతా విని పంపాడు. ఆమె మంచి పిల్ల. నాకు ఆమె మీద కోపం లేదని అందరూ అనుకుంటారు. ఉంది. ఒక్క డబ్బా దాచి ఉంచితే ఏం పోయేది?

సాయంత్రం పెద్దబాపు మా గడప దగ్గరికి వచ్చాడు.

"గల్లీల మీదే ఫస్టు గదట గదా! ఇగ ఏంది లొల్లి?"

"కంత ఉన్నందుకే మంచిగొచ్చింది. ఆమె నీకు గూడ చెప్పింది. పూడిస్తే మళ్ల అదే గాలి. ఇంకొకసారి కొలిపించేదాక ఆగు."

"పాసైనంక మళ్ల పరీక్ష రాసెటోళ్లను ఎక్కడన్న చూసినవానే?" గల్లీలో ఉన్నవాళ్లంతా నవ్వారు. "నలుగుర్ల మాట అనుకున్నం. నేను మాట మీద ఉన్న. నువ్వుంటవా, ఉండవా?"

"ఉండ" అన్నాను. "అమ్మ ప్రాణం మీద మాట ఏంది?"

అప్పుడు అమ్మ లోపలి నుంచి వచ్చింది. బావగారి ముందు తలెత్తి మాట్లాడగా నేను అంతవరకు చూడలేదు. కొంగు సర్దుకుని, నన్ను చూడకుండా, నేల వైపు చూస్తూ అంది.

"కట్టియ్యుండ్రి బావా."

"అమ్మా!"

"నువ్వు ఊకో బిడ్డా. నీకేమెరుక? నేను పండుకుంటే గది నా ముంగటనే ఉంటది. ఆయనను అడ్డం తిప్పి, తలకాయ వంచి, గండ్లకెల్లి దొంగసొమ్ము తీసినట్టు తీసిండ్రు. కాలుకు రాయి గీరుకపోయింది. నువ్వు సూడలే, నేను సూసిన. దినాం అదే సూసుకుంట ఎట్ల పండుకోవాలె?"

"నువ్వు ముందు గదిల పండుకో. నేను ఈడ పండుకుంట."

"నీకింక బతుకున్నది. నాకు ఆయన మంచం గావాలె. గోడ గూడ గావాలె."

 పెద్దబాపు దగ్గి, సందులో సిద్ధంగా ఉంచిన మేస్త్రిని కేకేశాడు.

నేను ఏడవలేదు. గడప మీద కూర్చుని, సందులోంచి వస్తున్న తాపీ చప్పుడు వింటూ ఉన్నాను. ఎవరికోసం ఇంత పోట్లాడానో ఆమే నన్ను అందరి ముందు ఓడించింది. పెద్దబాపు అన్నవి, డాక్టరు అన్నవి, టమాటాల అతను అన్నది అన్నీ ఒక పక్క, అమ్మ ఆ సాయంత్రం అన్న ఒక్క మాట ఒక పక్క. ఆమె బాధ నిజమే. గాలి సంగతీ నిజమే. ఆ రెండూ తెలిసి ఆమె గోడనే కోరుకుంది. నేను చెప్పింది తప్పని నేను ఆ రోజూ ఒప్పుకోలేదు, ఈ రోజూ ఒప్పుకోను.

ఆ తర్వాత ఏళ్లపాటు తిరిగాను. గాలి కాలుష్యం వాళ్లు ఇంటి లోపలి గాలి మాది కాదన్నారు. ఆరోగ్యం వాళ్లు గోడ సంగతి మున్సిపాలిటీదన్నారు. మున్సిపాలిటీ వాళ్లు అన్నదమ్ముల గోడయితే కోర్టుకు పొమ్మన్నారు. యూనివర్సిటీకి పోతే ఆ అమ్మాయి చదువు అయిపోయి వెళ్లిపోయిందని చెప్పారు. డబ్బా ఒక్కటి ఇప్పించమంటే, అక్కడున్న ఆయన, "మీ ఇంట్లో తక్కువే వచ్చింది కదమ్మా, ఇంకేం కావాలి మీకు?" అన్నాడు.

ఇంట్లో నేను చేయగలిగింది ఒక్కటే. వెనక గది తలుపు తెరిచి, జరగకుండా ఇటుక పెట్టేదాన్ని. దోమలంటూ అమ్మ ఇటుక తీసి తలుపేసుకునేది. దోమతెర కొన్నాను. దానిలో ఊపిరాడటం లేదని మడిచి పెట్టెలో పెట్టింది. నిజంగా ఆ మాటే అంది, ఊపిరాడటం లేదని. బండల సందులు సిమెంటుతో నేనే పూడ్చాను. వానకాలం రాగానే మళ్లీ విచ్చుకున్నాయి. గోడలో కంత ఉన్న చోటు మాత్రం బాగా తెలిసేది. చుట్టూ తాత నాటి సున్నం పసుపు తిరిగి ఉంటే, మధ్యలో కొత్త సిమెంటు బూడిదరంగులో, నిలబెట్టిన పాడెలా ఉండేది. అమ్మ దానికి సున్నం వేయించింది. ఆరాక మళ్లీ కనిపించింది.

రెండువేల దశకం సగం దాటాక అమ్మకు ఆయాసం మొదలైంది. బాపు దగ్గులా కాదు. ఊరికే రెండు మెట్లెక్కితే కూర్చునేది. డాక్టరు గుండె అన్నాడు, వయసు అన్నాడు. ఈయన బీడీల సంగతి అడగలేదు. గాలి సంగతి నేనే చెప్పాను. విన్నాడు, తల ఊపాడు, గుండె మాత్రలు రాశాడు. ఆ గది వల్లా, వయసు వల్లా అన్నది నాకు తెలియదు. తెలియనివ్వలేదు. ఒక్క డబ్బా, ఒక్క మూడు నెలలు, పూడ్చిన గదిలో వేలాడి ఉంటే కనీసం అదైనా తెలిసేది.

అమ్మ కూడా ఆ మంచం మీదే పోయింది, మధ్యాహ్నం పూట. అదే అయ్యగారు, ముసలివాడై, మనవడి భుజం పట్టుకుని మెట్లు దిగాడు. పెద్దబాపు చేతికర్ర మీద గడ్డం ఆనించి ముందు గదిలో కూర్చున్నాడు. చుట్టాలంతా అయ్యగారి నోటి వైపే చూస్తున్నారు. పంచాంగం మూసి ఆయన చెప్పాడు.

"పుణ్యాత్మురాలు. మంచి నక్షత్రం. ఏ దోషం లేదు. గది మూసుడు అక్కర లేదు. గోడ ముట్టుడు అక్కర లేదు. సక్కగ సింహద్వారంకెల్లి తీస్కపోవచ్చు."

అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు. పెద్దబాపు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"ఇంకొకసారి చూడుండ్రి అయ్యగారూ" అన్నాను.

"చూసిన బిడ్డా. దోషం లేదు. సంతోషించాలె."

వెనక గదిలో ఎప్పటిలాగే పగటి దీపం వెలుగుతోంది. బూడిదరంగు సిమెంటు మీద అరచేయి ఆనించాను. చల్లగా, చెమ్మగా ఉంది. గడ్డపార మంచం కిందే ఉంది. బాపు పోయిన రోజున మిగిలిపోయింది, ఎవరూ తీసుకుపోలేదు. నలుగురు మనుషులు వచ్చి, పక్కకు జరగమని నాతో చెప్పి, అమ్మను ఎత్తుకున్నారు. ముందు గది దాటించి, మెట్లెక్కించి, సింహద్వారంలోంచి గల్లీలోకి తీసుకుపోయారు. ఆ రోజు ఆ గోడను ఎవరూ ముట్టలేదు.